వేషమా, పాత్రా? కాశీమజిలీ కథల నుంచి అద్భుతకథా వీడియో గేముల దాకా స్త్రీ చిత్రణ, గ్రాహక ఆకర్షణ

వ్యాససంగ్రహం

ఆడేవారే ఒక పాత్రను ధరించి కథను నడిపించే అద్భుతకథా వీడియో గేముల్లో స్త్రీ చిత్రణపై జరిగే చర్చ తరచుగా రెండు ప్రశ్నల దగ్గర ఆగిపోతుంది. స్త్రీ పాత్ర ఉందా లేదా అన్నది మొదటిది. ఉంటే ఆమె ఆహార్యం ఎలా ఉందన్నది రెండోది. ఈ వ్యాసం వాటికి మూడో ప్రశ్నను జోడిస్తుంది: ఆ కథ ఎవరిని తన శ్రోతగా ఊహించుకుంది? రాజమహేంద్రవర వాసి మధిర సుబ్బన్న దీక్షితులు రచించిన కాశీమజిలీ కథల కథనచట్రం, జానపదుల బాలనాగమ్మ కథ, వాటి సంప్రదాయంలో వచ్చిన చలనచిత్రాలు ఆధారంగా ‘వేషం’, ‘పాత్ర’ అనే రెండు భావనలను వేరుచేసి, వాటితో కొన్ని ప్రసిద్ధ గేములను పరిశీలిస్తుంది.

కీలకపదాలు: కాశీమజిలీ కథలు, జానపద చలనచిత్రం, వీడియో గేములు, స్త్రీ చిత్రణ, శ్రోత, వేషం, పాత్ర.

1. ఉపోద్ఘాతం

తెలుగులో ఆట ఆడే పురుషుణ్ణి ‘ఆటగాడు’ అంటారు. దానికి స్త్రీవాచకంగా కనిపించే ‘ఆటకత్తె’ అనే మాటకు నాట్యం చేసే స్త్రీ అనే అర్థం స్థిరపడింది. ఒకే ధాతువు నుంచి పుట్టిన రెండు మాటల్లో ఒకటి ఆడే వ్యక్తిని, మరొకటి చూడబడే వ్యక్తిని సూచించడం యాదృచ్ఛికం కాదు. ఆటలో స్త్రీ స్థానం గురించిన సామాజిక భావన భాషలోనే నిక్షిప్తమై ఉంది. అందువల్ల ఈ వ్యాసంలో ‘ఆడేవారు’ అనే ఉభయసాధారణ పదాన్నే వాడడం జరిగింది.

సినిమాలో కెమెరా, కథానాయకుడు, ప్రేక్షకుడు ముగ్గురి చూపూ పురుషుడి చూపుగా ఏకమవుతుందని లారా మల్వీ 1975లో ప్రతిపాదించారు. వీడియో గేముల్లో ‘ఆపదలో ఉన్న యువతి’ అనే కథాంశం ఎలా పునరావృతమవుతుందో అనితా సర్కీసియన్ 2013లో వీడియో వ్యాసాల ద్వారా విశ్లేషించారు. ఈ రెండు పరిశీలనలూ విలువైనవే. అయితే గేముల్లో ఒక అదనపు అంశం ఉంది. ఇక్కడ చూసేవారే నడిపేవారు కూడా. కథ వినేవారి కోరిక కథాగమనాన్ని శాసించే ఈ స్థితి తెలుగు కథాసంప్రదాయానికి కొత్తది కాదు.

2. మజిలీ ఒప్పందం

మధిర సుబ్బన్న దీక్షితుల (1868–1928) కాశీమజిలీ కథలు పన్నెండు సంపుటాల రచన. మణిసిద్ధుడు కాశీకి కాలినడకన బయలుదేరుతూ తోడు కోసం ఒక పశులకాపరి బాలుణ్ణి వెంట రమ్మంటాడు. దారిలో కనిపించిన వింతల గురించి అడిగినప్పుడల్లా కథ చెప్పాలన్న షరతు మీద ఆ బాలుడు ఒప్పుకుంటాడు. మజిలీ తర్వాత మజిలీగా ప్రయాణం, ప్రశ్న తర్వాత ప్రశ్నగా కథ సాగుతాయి. శ్రోత కుతూహలం తీరకపోతే ప్రయాణమే ఆగిపోతుంది. గ్రాహక ఆకర్షణ అనే భావనకు ఇంతకంటే స్పష్టమైన కథారూపం అరుదు.

ఈ చట్రంలో చెప్పేవాడూ పురుషుడే, వినేవాడూ పురుషుడే. రాజకుమార్తెలు, గంధర్వకాంతలు, పురుషవేషం వేసుకొని దేశాలు తిరిగే సాహసవతులు కథల లోపల అనేకులున్నా, వారి కథలు చేరవలసిన చెవి మాత్రం ఒక బాలుడిది. స్త్రీ పాత్రల సంఖ్యను బట్టి చూస్తే ఈ గ్రంథం సంపన్నమైనది. శ్రోతృస్థానాన్ని బట్టి చూస్తే అందులో స్త్రీకి చోటు లేదు. అయినా పుస్తకంగా అది ఇళ్లలోకి వెళ్లి స్త్రీలకూ పఠనీయమైంది. లోపలి శ్రోత వేరు, బయటి పాఠకురాలు వేరు. ఈ వ్యత్యాసమే ప్రస్తుత చర్చకు మూలం.

కాశీమజిలీ కథల ప్రేరణ ఉన్న పాతాళభైరవి (1951) చిత్రంలో ఇద్దరు స్త్రీల స్థానాలు గమనించదగినవి. రాకుమారి ఇందుమతి సాహసానికి లభించే ఫలం. పాతాళభైరవి సర్వశక్తిమంతురాలు, కాని ఆమె శక్తి ప్రతిమ ఎవరి చేతిలో ఉంటే వారి అధీనం. ప్రతిమ తోటరాముడి చేతిలో ఉంటే అతని ఆజ్ఞకు, మాంత్రికుడి చేతికి వెళితే అతని ఆజ్ఞకు ఆమె కట్టుబడుతుంది. ఒకరు బహుమతి, మరొకరు సాధనం. కోరిక మాత్రం పురుషులదే. అద్భుతకథా గేముల్లో స్త్రీకి చిరకాలం దక్కిన స్థానాలు కూడా ప్రధానంగా ఈ రెండే.

3. వేషం: కొలతలూ బహుమతులూ

‘వేషం’ అంటే మీద ధరించే రూపం. దాన్ని మార్చినా కథలో వ్యక్తి స్థానం మారనవసరం లేదు. ‘పాత్ర’ అనే మాటకు మూలార్థం ఆధారభూతమైన వస్తువు, అంటే తనలో దేన్నయినా నింపుకొనేది. కథలోని పరిణామాలను తనలో ఇముడ్చుకొని, వాటికి బాధ్యత వహించేదే పాత్ర అని ఈ వ్యాసంలో గ్రహించడం జరిగింది.

పాత్రధారణ ఆటలకు ఆద్యమైన డంజన్స్ అండ్ డ్రాగన్స్‌ను గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ 1974లో ప్రచురించారు. అది తెర మీద కాక బల్ల చుట్టూ కూర్చొని కాగితం, పాచికలతో ఆడే ఆట. దాని విస్తృతరూపమైన అడ్వాన్స్‌డ్ డంజన్స్ అండ్ డ్రాగన్స్ కోసం 1978లో వెలువడిన నియమగ్రంథంలో స్త్రీ పాత్రల బలానికి పురుష పాత్రలకంటే తక్కువ గరిష్ఠ పరిమితి విధించారు. మంత్రాలు, మహాసర్పాలు ఉన్న ప్రపంచంలో కూడా స్త్రీ భుజబలానికి మాత్రం ‘వాస్తవిక’ హద్దు అవసరమైంది. 1989 నాటి రెండో కూర్పులో ఆ నియమం తొలగింది. ఊహకు హద్దులు లేవనే సాహిత్యరూపం స్త్రీ విషయంలో ఆ మాట నిలబెట్టుకోలేదనడానికి ఇది లిఖిత నిదర్శనం.

పురుషవేషంలోని నాయిక అనే జానపద కథాంశానికి సమాంతరంగా నిలిచేది నింటెండో సంస్థ 1986లో విడుదల చేసిన మెట్రాయిడ్. ఇది పాత్రధారణ గేము కాదు, సాహసక్రీడ. ఆట పొడవునా కవచంలో కనిపించే యోధ సామస్ స్త్రీ అన్న సంగతి చివరలో బయటపడుతుంది. అయితే ఆట ఎంత తక్కువ సమయంలో ముగిస్తే ముగింపు దృశ్యంలో ఆమె దుస్తులు అంత తగ్గుతాయి. అంతవరకు ఆడేవారు ఆమెగా పోరాడారు. చివరి క్షణంలో ఆమెను చూసేవారయ్యారు. యోధ బహుమతిగా మారింది. మల్వీ చెప్పిన చూపు ఇక్కడ గెలుపుకు ప్రతిఫలంగా లెక్కగట్టి అందింది.

4. పాత్ర: ఒకే అపహరణ, రెండు స్థానాలు

అద్భుతకథలకు అపహరణ ప్రాణం. బాలనాగమ్మ కథ ఇందుకు తెలుగువారికి చిరపరిచితమైన ఉదాహరణ. కాకినాడ రంగస్థల, చలనచిత్ర చరిత్రలో భాగమైన సి. పుల్లయ్య దర్శకత్వంలో 1942లో జెమినీ సంస్థ దీన్ని కాంచనమాల నాయికగా చిత్రించింది. మాయల మాంత్రికుడు బాలనాగమ్మను ఎత్తుకుపోతాడు. ఆమె వ్రతం నెపంతో ఏళ్ల తరబడి అతణ్ణి దూరంగా నిలుపుతుంది. అతని ప్రాణం చిలుకలో ఉందన్న రహస్యం కూడా ప్రచారంలో ఉన్న కథనాల్లో ఆమె నేర్పువల్లనే బయటపడుతుంది. అయినా సప్తసముద్రాలు దాటి చిలుకను పట్టేది కొడుకు బాలవర్ధి. బుద్ధిబలం తల్లిది, ప్రయాణం కొడుకుది. కథ ప్రయాణం చేసినవాణ్ణే వీరుడిగా గుర్తిస్తుంది.

బయోవేర్ సంస్థ 2009లో విడుదల చేసిన డ్రాగన్ ఏజ్: ఆరిజిన్స్ ఇటువంటి ఘట్టాన్ని రెండు వైపుల నుంచి చెప్పింది. నగరంలో వెలివాడలాంటి పేటలో బతికే ఎల్ఫ్ జాతి వ్యక్తిగా ఆట మొదలుపెడితే, ఆ రోజు ఆ వ్యక్తి పెళ్లి. ఒక ప్రభువు కొడుకు మనుషులతో వచ్చి పెళ్లికూతురిని, తోటి యువతులను ఎత్తుకుపోతాడు. ఆడేవారు పురుషుణ్ణి ఎంచుకుంటే కోటలోకి చొరబడి వధువును విడిపించాలి. స్త్రీని ఎంచుకుంటే ఎత్తుకుపోబడిన వధువు తానే. ఆమె కోట లోపలి గదిలో కళ్లు తెరిచి, చేతికందిన ఆయుధంతో అక్కడి నుంచే పోరాటం మొదలుపెడుతుంది.

ఇక్కడ లింగభేదం వేషాన్ని మాత్రమే మార్చలేదు. కథలో నిలబడే చోటును, అనుభవించే భయాన్ని, ఆగ్రహానికి కారణాన్ని మార్చింది. పురుషుడికి అది పరాభవం, స్త్రీకి అది స్వీయదేహానికి వచ్చిన ఆపద. బాలనాగమ్మకు దక్కని ప్రయాణం ఈ వధువుకు దక్కింది. పురాణ స్త్రీల వైపు నుంచి తెలిసిన కథలనే తిరిగి చెప్పిన ఓల్గా ‘విముక్త’ కథలను (కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం, 2015) చదివిన వారికి ఈ స్థానభ్రంశం విలువ తెలియనిది కాదు. ఘట్టం మారదు, అనుభవించే వ్యక్తి మారడంతో అర్థం మారుతుంది.

దీనికి ఒక అభ్యంతరం ఉంది. కల్పిత ప్రపంచంలో కూడా స్త్రీ అనగానే లైంగిక హింసాభయం తప్పదా? స్త్రీగానో పురుషుడిగానో ఆడినా తేడా లేని ప్రపంచమే విముక్తికరం కాదా? ఇది తేలిగ్గా తోసివేయదగినది కాదు. వేషం మాత్రమే మారే గేముల్లో కూడా ఒక స్వేచ్ఛ ఉంది. రాజ్యాన్ని గెలిచిన స్త్రీని చూసి అక్కడెవరూ ఆశ్చర్యపోరు. అయితే తేడా లేని ప్రపంచం నిజంగా ఉభయుల కోసం ఊహించినదా, లేక పురుషుడి కోసం రాసిన కథకు స్త్రీ రూపం తొడిగినదా అన్నది ప్రతి గేములోనూ విడిగా తేల్చవలసిన విషయం.

5. ఆకర్షణ లెక్కలు

‘ఆడేవారిలో పురుషులే ఎక్కువ, కాబట్టి వారి అభిరుచికి తగ్గట్టే స్త్రీ పాత్రలు ఉంటాయి’ అన్నది వాణిజ్యవర్గాల వాదం. ఇందులో కార్యకారణాలు తారుమారయ్యే అవకాశం ఉంది. క్వాంటిక్ ఫౌండ్రీ సంస్థ 2017లో ప్రకటించిన సర్వే ప్రకారం పాశ్చాత్య శైలి పాత్రధారణ గేములను ఇష్టపడేవారిలో స్త్రీలు 26 శాతం. కానీ అదే వర్గానికి చెందిన డ్రాగన్ ఏజ్: ఇంక్విజిషన్ విషయంలో వారు 48 శాతం. స్త్రీల విముఖత ప్రక్రియా స్వభావంలోనే ఉన్నదైతే ఒకే ప్రక్రియలో ఇంత అంతరం ఉండకూడదు. ఆకర్షణ కథ ఎవరిని పిలిచిందన్న దాని మీద కూడా ఆధారపడుతుందని ఈ అంకెలు సూచిస్తున్నాయి.

విజ్ఞాన కల్పన నేపథ్యం ఉన్న మాస్ ఎఫెక్ట్ గేముల చరిత్ర కూడా దీనికి అనుబంధమైనదే. నాయకపాత్ర షెపర్డ్‌ను స్త్రీగానో పురుషుడిగానో ఎంచుకునే వీలు 2007లోని మొదటి భాగం నుంచీ ఉంది. కాని ప్రచారచిత్రాల్లో, పెట్టె ముఖచిత్రంపై చాలాకాలం పురుషరూపమే కనిపించింది. స్త్రీ షెపర్డ్‌ను ఎంచుకుంటున్నవారు 18 శాతమని నిర్మాతలు 2011లో చెప్పారు. 2012లో వచ్చిన మూడో భాగం ప్రచారంలో ఆమెకూ చోటు దక్కింది. 2021 నాటి పునర్విడుదలకు సంస్థ ఇచ్చిన లెక్కలో స్త్రీ షెపర్డ్ వాటా 32 శాతం. రెండు లెక్కల కాలం, ఆడినవారు వేరు కాబట్టి ఈ పెరుగుదల అంతా ప్రచార ఫలితమే అనలేం. అయితే ముందుగా చూపిన రూపమే ‘సహజమైన’ ఎంపికగా కనిపిస్తుందన్న అనుమానానికి ఇది బలమిస్తుంది. ముఖచిత్రం కూడా ఒక మజిలీ ఒప్పందమే. కథ ఎవరికి చెప్పబోతున్నారో అది ముందే ప్రకటిస్తుంది.

6. తోలుబొమ్మ నీడలో రాజీ

పుణెకు చెందిన నోడింగ్ హెడ్స్ గేమ్స్ 2020లో విడుదల చేసిన రాజీ: యాన్ ఏన్షెంట్ ఎపిక్ పూర్తిస్థాయి పాత్రధారణ గేము కాదు, సాహసక్రీడ. అయినా భారతీయ అద్భుతకథలో స్త్రీ స్థానం గురించిన చర్చలో దాన్ని విస్మరించలేం. అసురులు ఎత్తుకుపోయిన తమ్ముడు గోలూ కోసం బయలుదేరిన గారడీ జట్టు అమ్మాయి రాజీ ఇందులో నాయిక. అపహరణకు గురైనది బాలుడు, ప్రయాణం చేసేది అక్క. కథను వ్యాఖ్యానించేది దుర్గ, విష్ణువు. మణిసిద్ధుడి ఏకైక పురుషస్వరం ఇక్కడ ఒక స్త్రీస్వరంతో కలిసి రెండైంది.

ఈ గేములో కథాభాగాలను తోలుబొమ్మలాట నీడల శైలిలో చూపారు. కాకినాడ దగ్గరి మాధవపట్నం వంటి ఊళ్లలో తోలుబొమ్మలాట కుటుంబ వృత్తిగా కొనసాగింది. ఈ కళలో స్త్రీ బొమ్మలకు తెర వెనుక స్త్రీలే గొంతునిచ్చే సంప్రదాయం ఉంది. ముఖం కనిపించని చోట కూడా కథ చెప్పే అధికారంలో స్త్రీకి వాటా ఉండేదన్న మాట. అద్భుతకథను కొత్త మాధ్యమంలోకి తేవాలనుకునే తెలుగువారికి పాతాళభైరవి ప్రతిమకంటే ఈ తెర వెనుక గొంతు మెరుగైన వారసత్వం.

7. ముగింపు

పై పరిశీలన వల్ల తేలిన అంశాలు ఇవి. స్త్రీ పాత్రల ఉనికి, ఆహార్యం మాత్రమే చిత్రణకు కొలమానాలు కావు. కోరిక ఎవరిది, ప్రయాణం ఎవరిది, శ్రోతగా ఎవరిని ఊహించారు అన్నవి అంతకంటే ముఖ్యం. స్త్రీ రూపాన్ని ఎంచుకునే వీలు వేషాన్ని ఇస్తుంది. ఆ ఎంపికకు కథలో పరిణామం ఉన్నప్పుడు, లేదా కథ మొదటి నుంచీ ఉభయులనూ ఉద్దేశించినప్పుడు మాత్రమే అది పాత్ర అవుతుంది. గ్రాహకుల అభిరుచి కథకు కారణం మాత్రమే కాదు, కథ ఇచ్చిన ఆహ్వానానికి ఫలితం కూడా.

తెలుగు శాఖల్లో జానపద సాహిత్యం బోధించేవారికి ఇది దూరపు విషయం కాదు. గోదావరి జిల్లాల కళాశాలల్లో కాశీమజిలీ కథల పేరు పాఠ్యాంశంగా మాత్రమే విన్న విద్యార్థినులు అటువంటి కథాచట్రాలనే చేతిలోని ఫోనులో ఆడుతున్నారు. బాలనాగమ్మ కథను గేముగా మలిస్తే ఆడేవారిని ఎక్కడ నిలబెట్టాలి? బాలవర్ధిగా అయితే పాత కథే. బాలనాగమ్మగా అయితే వ్రతం నెపంతో గడిపిన ప్రతి రోజూ ఒక ఎత్తుగడ, రాబట్టిన ప్రతి మాటా ఒక గెలుపు. మాంత్రికుడి పంచన ఉన్న సంగుగా అయితే ఎవరి పక్షం వహించాలన్నదే ఆట. ఈ ప్రశ్నను తరగతిలో అడిగితే, కథలో ఇంతకాలం ఎవరి వైపు నుంచి చూస్తున్నారో విద్యార్థులే గుర్తించగలుగుతారు. జానపద కథాధ్యయనం నుంచి గేముల విమర్శకు, గేముల విమర్శ నుంచి మళ్లీ జానపద కథకు దారి అక్కడ తెరుచుకుంటుంది.