ఆరో తీగ, మూడో ఫ్రెట్

గిటారు పట్టిన ప్రతివాడికీ తొలి రోజుల్లోనే 'ఏ మైనర్' కార్డ్ వచ్చేస్తుంది. చూపుడువేలు రెండో తీగ మీద మొదటి ఫ్రెట్‌లో, మధ్యవేలు, ఉంగరపువేలు నాలుగో తీగ మీదా మూడో తీగ మీదా రెండో ఫ్రెట్‌లో. మూడు వేళ్లూ ఒకచోట ఒద్దికగా సర్దుకుంటాయి. చిటికెనవేలికి పనే ఉండదు. అలా నాలుగు పాటలు పాడుకుంటూ సుఖంగా ఉన్నవాడికి ఒకరోజు పాటల పుస్తకంలో, సాహిత్యం పైన, ఏ మైనర్ పక్కన ఒక ఏటవాలు గీత, దాని పక్కన జీ అనే అక్షరం కనిపిస్తాయి. మనవైపు కుర్రాళ్లు దాన్ని భిన్నం చదివినట్టు 'ఏ మైనర్ బై జీ' అంటారు. పైన ఏ మైనర్‌నే ఉంచు, అట్టడుగున మాత్రం జీ మోగించు అని దాని తాత్పర్యం. చెప్పడానికి ఒక్క ముక్క. నా చేతికి ఎక్కడానికి వేసవంతా పట్టింది.

చిక్కంతా ఆ జీ ఉన్నచోట ఉంది. అది ఆరో తీగ మీద, అంటే అన్నిటికన్నా లావు తీగ మీద, మూడో ఫ్రెట్‌లో. మూడు వేళ్లకూ ముందే ఉద్యోగాలున్నాయి. ఖాళీగా ఉన్న చిటికెనవేలు మిగతా వేళ్లను దాటుకుని మెడ అవతలి అంచుకు సాగాలి. అది సాగితే పక్కన ఉంగరపువేలూ కదులుతుంది, మూడో తీగ మూగబోతుంది. ఆ రెండు వేళ్ల స్నాయువులు చేతి వెనకవైపు ఒకదానితో ఒకటి ముడిపడి ఉంటాయి కాబట్టి అది మన బద్ధకం కాదు, మన శరీరం తీరు. జిమి హెండ్రిక్స్ బొటనవేలిని మెడ పైనుంచి వంచి ఆరో తీగను నొక్కేసేవాడు. అంత పొడుగు బొటనవేలు అందరికీ ఇవ్వలేదు దేవుడు.

ఇంకో దారి ఉంది. ఉంగరపువేలినే ఆరో తీగకు పంపించి, మధ్యవేలిని కాస్త పడుకోబెట్టి, నాలుగో తీగనూ మూడో తీగనూ దానితోనే నొక్కడం. నాకు నేర్పే కుర్రాడు చర్చి క్వాయర్‌లో పెరిగినవాడు, నా కొడుకు ఈడువాడు. నేను ఆ పట్టు పట్టి గొప్పగా మీటితే చెవి ఒగ్గి విని, "ఐదో తీగ ఊరుకోవాలండీ సార్" అన్నాడు. ఐదో తీగను వదిలేస్తే అది 'ఏ' స్వరం పలుకుతుంది. పక్కనే జీ. అంత మంద్రంలో పక్కపక్క స్వరాలు రెండూ కలిసి మోగితే బురద తొక్కినట్టుంటుంది. అందుకని ఉంగరపువేలి కొన ఆరో తీగను గట్టిగా నొక్కుతుండగా, అదే వేలి మెత్తటి భాగం ఐదో తీగకు ఊరికే ఆనాలి. నొక్కితే అక్కడ సీ పలుకుతుంది, తాకకపోతే ఏ పలుకుతుంది. ఆనితే టక్‌మని చచ్చిన చప్పుడు, అంతే. ఒకే వేలితో ఒక తీగను పలికించి, రెండోదాని నోరు నొక్కాలి.

అడ్డదారి కూడా ఉంది, చాలామంది అందులోనే నడుస్తారు. ఉంగరపువేలు ఆరో తీగకు వెళ్లిపోయింది కదా, మూడో తీగను ఖాళీగా వదిలేద్దాం అనుకుంటారు. అప్పుడు మూడో తీగ కూడా జీ పలుకుతుంది. ఐదో తీగ ఎలాగూ మూగది. ఇక మోగుతున్నవి జీ, ఈ, సీ. ఏ మైనర్‌లో 'ఏ' ఎక్కడా లేదు. అది సీ మేజర్, జీ మీద కూర్చున్న సీ మేజర్. దిగులుగా సాగాల్సిన పాట ఆ ఒక్క చోట హుషారెక్కుతుంది. వినేవాళ్లకు తెలియదులే అంటారుగానీ, తెలుస్తుంది. ఏం జరిగిందో చెప్పలేరంతే.

ఇంత అవస్థ ఒక్క జీ కోసం అయితే నేనూ వదిలేసేవాణ్నేమో. ఆ జీ ఒక్కటే రాదు, దాని వెనక ఎఫ్ షార్ప్, ఎఫ్ వరుస కట్టి ఉంటాయి. మన లెక్కలో ఏని షడ్జం అనుకుంటే, ఏ మైనర్ అంటే స, గ, ప. పైన ఆ మూడూ కదలవు. అట్టడుగున మాత్రం ముందు షడ్జం, తర్వాత కైశికి నిషాదం, తర్వాత చతుశ్రుతి ధైవతం, చివరకు శుద్ధ ధైవతం. ఆఖరి రెండింటి మధ్య అరస్వరం తేడాలో ఖరహరప్రియ నీడ పోయి నటభైరవి నీడ పడుతుంది. సిద్ధాంతం చదివినవాళ్లు ఈ నాలుగు మెట్లకూ నాలుగు పేర్లు పెడతారు. చివరిదైతే మైనర్ కూడా కాదు, ఎఫ్ మేజర్ సెవెన్త్ అయిపోతుంది. పైన వేళ్లు పలికిస్తున్నవి మాత్రం మొదటి మూడు స్వరాలే.

తంబురా కింద పెరిగిన చెవికి ఇది వింత. మనకు శ్రుతి కదలదు. స, ప అలా మోగుతూనే ఉంటాయి, పాడేవాడే పైన ఎక్కి దిగుతాడు. ఇక్కడ పైన ఉన్నవాడు కదలకుండా కూర్చుంటే కింద నేల దిగిపోతుంది. ఐరోపాలో ఇలా దిగే బేస్‌ను ఏడుపుకు వాడడం పాత ఆచారం. హెన్రీ పర్సెల్ 1680ల్లో రాసిన 'డైడో అండ్ ఈనియస్' ఒపెరాలో రాణి చనిపోయే ముందు పాడుతుంటే, కింద బేస్ అరస్వరం చొప్పున దిగి, ముగిసి, మళ్లీ పైనుంచి మొదలవుతుంటుంది. 1968లో బీటిల్స్ డబుల్ ఆల్బమ్‌లో జార్జ్ హారిసన్ రాసిన 'వైల్ మై గిటార్ జెంట్లీ వీప్స్' చరణం నడిచేది అచ్చంగా నేను పైన చెప్పిన నాలుగు మెట్ల మీదే. అందులో ఏడ్చే లీడ్ గిటారు ఎరిక్ క్లాప్టన్‌దని అందరూ చెప్పుకుంటారు. నా మటుకు నాకు ఆ ఏడుపు సగం కింద దిగే స్వరాల్లోనే ఉంది. హారిసన్ అప్పటికే రవిశంకర్ దగ్గర సితార్ నేర్చుకున్నవాడు, కదలని శ్రుతి రుచి కూడా తెలిసినవాడు.

మనకూ ఇది బొత్తిగా కొత్తేం కాదు. మద్రాసులో ధనరాజ్ మాస్టారి దగ్గర పాశ్చాత్య సంగీతం నేర్చుకున్న ఇళయరాజా ఎన్నో ఏళ్లుగా మన చెవులకు బేస్ గిటారు వినిపిస్తూనే ఉన్నారు. పాట మనం పాడుకుంటున్నది ఒకటి, కింద బేస్ పాడుతున్నది ఇంకొకటి. 'గీతాంజలి' పాటలు హెడ్‌ఫోన్స్‌లో విన్నవాళ్లకు నేను చెప్పక్కర్లేదు.

బేస్ గిటారు వాయించేవాడు పక్కన ఉంటే ఈ బాధ లేదని మా కుర్రాడు మొదట్లోనే చెప్పాడు. జీ అతను చూసుకుంటాడు, మనం ఏ మైనర్ వాయించుకుంటే చాలు, ఇద్దరం మంద్రంలో దిగితే పైగా రొద. నిజమే. కాకపోతే ఇంట్లో ఒక్కడినే పాడుకునేవాడికి బేస్ వాయించే మనిషిని ఎవరు పంపిస్తారు?

ఇలాంటి ఏటవాలు గీత మైనర్‌ను, అంటే మైనర్ స్లాష్ కార్డ్‌ను, నేర్పేవాళ్లు 'ఈ' మైనర్‌తో మొదలుపెడితే బాగుండునని నా అభిప్రాయం. ఈ మైనర్‌ను నాలుగో తీగ నుంచి ఒకటో తీగ దాకా మాత్రమే మీటండి. వేళ్లు ఎత్తేసి అవే నాలుగు తీగలు మళ్లీ మీటితే ఈ మైనర్ బై డీ. ఎడమచేతికి బొత్తిగా సెలవు. నాలుగో తీగను మళ్లీ రెండో ఫ్రెట్‌లో నొక్కి, ఐదో తీగను నాలుగో ఫ్రెట్‌లో, ఆ పైన మూడో ఫ్రెట్‌లో పట్టుకుంటే తక్కిన రెండు మెట్లూ దిగిపోవచ్చు. ఇది కనిపెట్టిన సంబరంలో ఐదో ఫ్రెట్ మీద తీగలన్నిటినీ నొక్కిపెట్టే కాపో బిగించి, ఈ మైనర్ పట్టుతోనే ఏ మైనర్ శ్రుతి తెప్పించి మావాడికి వినిపించాను. "కరెక్టేనండీ సార్, కానీ జీ ఒక స్థాయి పైకెక్కిపోయింది. అడుగున ఉండాల్సింది అడుగున లేదు" అని, తనే కాపో ఊడదీసి నా చేతికిచ్చాడు.