పాత బుల్లెట్‌కు కనెక్టింగ్ రాడ్: బుష్షా, బేరింగా?

పిస్టన్ పైకీ కిందికీ చేసే కదలికను క్రాంకు తిరుగుడుగా మార్చే కడ్డీయే కనెక్టింగ్ రాడ్. పాత రాయల్ ఎన్‌ఫీల్డ్ బుల్లెట్ ఇంజనును విప్పి మళ్లీ కట్టించేటప్పుడు బోరు మీద, పిస్టన్ మీద, ఆఖరికి ట్యాంకు రంగు మీద చూపే శ్రద్ధలో పావు వంతైనా యజమానులు దీని మీద చూపకపోవడం ఆ ఇంజను విలువ తెలిసినవారికి మింగుడుపడని సంగతి. ఈ రాడ్డు కింది కన్ను రెండు ముక్కలుగా విడిపోయేది కాదు, ఒకే ముక్క. అందువల్ల దాన్ని మార్చాలంటే ఇంజనును పూర్తిగా విప్పి, రెండు ఫ్లైవీళ్లనూ విడదీయక తప్పదు కనుక ఎంపికలో జరిగే పొరపాటుకు మొత్తం కూలి రెండోసారి చెల్లించవలసి వస్తుంది.

బుల్లెట్ చరిత్ర అందరికీ తెలిసినదే. 1948లో ఇటలీలో జరిగిన అంతర్జాతీయ ఆరు రోజుల ట్రయల్‌లో దీని తొలి నమూనాలు బంగారు పతకాలు సాధించాయి, జానీ బ్రిటన్ 1952లోనూ 1957లోనూ స్కాట్లండ్ ఆరు రోజుల ట్రయల్‌ను దీని మీదనే గెలిచాడు, 1955 నుంచి మద్రాసులో తయారీ మొదలై ఈ బండి మనదే అయిపోయింది. 70 మిల్లీమీటర్ల బోరు, 90 మిల్లీమీటర్ల స్ట్రోకు గల 350 ఇంజనులో రాడ్డును అల్యూమినియం మిశ్రమంతో ఫోర్జింగు చేశారు, అంటే వేడిచేసిన లోహాన్ని అచ్చుల నడుమ నొక్కి రూపం తెచ్చారు.

ఆ రాడ్డు కింది కంటిలో అసలు విద్య ఉంది. అక్కడ ఉండే ఫ్లోటింగ్ బుష్ క్రాంక్ పిన్నుకు గానీ రాడ్డుకు గానీ బిగించనిది, రెండింటి నడుమ స్వేచ్ఛగా తిరిగే ఉంగరం. ఈ ఉక్కు ఉంగరానికి లోపలా వెలుపలా వైట్ మెటల్ అనే మెత్తని మిశ్రమలోహపు పూత ఉంటుంది. పిన్నుతో పాటు బుష్ కూడా కొంత వేగంతో తిరుగుతుంది కాబట్టి ఒరిపిడి రెండు నూనె పొరల మధ్య పంపిణీ అవుతుంది, ఇంజను నిశ్శబ్దంగా నడుస్తుంది. ఇంత సొగసైన ఏర్పాటును కొందరు 'పాతకాలపు బుష్' అని కొట్టిపారేయడం అన్యాయం. దీనికి కావలసిందల్లా ఎడతెగని నూనె. టైమింగ్ కవరు నుంచి క్రాంకు చివరలోకి నూనె వెళ్లే చోట వేలిగోరంత కార్కు సీలు ఒకటి ఉంటుంది. అది అరిగితే నూనె పిన్నుకు చేరక పక్కదారి పట్టి, కొత్త బుష్ సైతం కాలిపోతుంది. చెడ్డపేరు మాత్రం రాడ్డుకు వస్తుంది.

రెండో దారి బేరింగ్ రాడ్. ఇందులో బుష్ స్థానంలో రోలర్ల వరుస ఉంటుంది. నూనె కొంత తగ్గినా ఇది తట్టుకుంటుంది, హైవే మీద గంటల తరబడి వేగంగా నడిచే 500 ఇంజనుకు మేలైనదే. వేగం పెరిగితే రాడ్డు మీద పడే లాగుడు ఆ వేగపు వర్గానికి అనుపాతంగా పెరుగుతుంది. 90 మిల్లీమీటర్ల స్ట్రోకుతో నిమిషానికి 5,000 చుట్ల వద్ద పిస్టన్ త్వరణం గురుత్వానికి 1,250 రెట్లు దాటుతుంది. 4,000 చుట్లకే ఆపితే భారం మూడో వంతుకు పైగా తగ్గిపోతుంది. ఊళ్లో తిరిగే 350కి పరుగుపందెపు రాడ్డు ఎందుకన్న ప్రశ్నకు జవాబు ఈ లెక్కలోనే దొరుకుతుంది.

ఏ రాడ్డు ఎంచినా దాన్ని కట్టే చేతిని బట్టే ఫలితం. విజయవాడ ఆటోనగర్ వంటి చోట్ల లేత్ ముందు జీవితం గడిపిన మేస్త్రీలు ఫ్లైవీళ్ల జతను రెండు మొనల నడుమ నిలిపి, డయల్ గేజ్ ముల్లు ఎటు ఊగుతోందో చూసి, ఎత్తుగా ఉన్న చోట సుద్దతో గీత గీసి, రాగి సుత్తితో ఒక్క దెబ్బ వేసి మళ్లీ తిప్పి చూస్తారు. ఆ ఊగు మిల్లీమీటరులో ఇరవయ్యో వంతుకు లోపు వచ్చేదాకా వారు వదలరు. ఆ దెబ్బ బలం ఎంతో ఏ పుస్తకమూ చెప్పలేదు. న్యూజిలాండ్‌కు చెందిన బర్ట్ మన్రో ట్రాక్టరు ఇరుసును చెక్కి తన 1920 నాటి ఇండియన్ స్కౌట్‌కు రాడ్లు చేసుకుని, 1967లో బానవిల్ ఉప్పు మైదానంలో గంటకు 290 కిలోమీటర్లు దాటాడు. ఆయన బండి వేరే కంపెనీది అయినా బుల్లెట్ అభిమానులు కూడా ఆ చేతికి దండం పెట్టవలసిందే.

అటువంటి పనితనం ఉన్న రంగంలో నకిలీ సరుకు రాజ్యమేలడం కడుపు మండే విషయం. అసలు పెట్టెను పోలిన పెట్టెలో వచ్చే రాడ్డుకు కంటి గుండ్రదనం ఉండదు, లోహం పేరు ఉండదు, ఒంటి మీద ఉలి గాట్ల వంటి గీతలు మాత్రం ఉంటాయి. అల్యూమినియం రాడ్డుకు అడ్డగీత ప్రాణాంతకం. పగులు అక్కడే పుట్టి, ఒకనాడు రాడ్డు తెగి క్రాంక్‌కేసును చీల్చుకుని బయటపడుతుంది. మూడు వందల రూపాయల తేడా చూసుకుని దీన్ని కొనేవారిదీ, తెలిసి అమ్మేవారిదీ సమానమైన తప్పే. ఇక బాగున్న పాత రాడ్డును, పక్కకు కాస్త ఊగుతోందన్న సాకుతో తుక్కులో వేయించే మెకానిక్కుల సంగతి చెప్పనే అక్కర్లేదు. పక్కకు ఊగడం సహజమే, నిలువునా లాగినప్పుడు సందు తగిలితేనే దోషం.

నెమ్మదిగా నడిచే 350కి, నూనె దారులు శుభ్రపరిచి కార్కు సీలు మార్చిన పక్షంలో, కంపెనీ కొలతల బుష్ రాడ్డే సరైనది. దూరప్రయాణాల 500కి పేరున్న తయారీదారు బేరింగ్ రాడ్ కొనవచ్చు. ఏది కొన్నా, ఇంజను మూయకముందు డయల్ గేజ్ ముల్లు ఎంత ఊగిందో యజమాని దగ్గరుండి చూడాలి, ఆ ఓపిక చూపించే మేస్త్రీకి అడిగిన కూలి బేరమాడకుండా ఇవ్వాలి.