చివరి గుడ్డు

కడక్‌నాథ్ పెట్టకు గుడ్లు పెట్టడం మీద ఉన్నంత శ్రద్ధ వాటి మీద కూర్చోవడంలో ఉండదు. మా దంతెవాడ జిల్లాలో ఈ నల్లకోళ్ళు పెంచే ఇళ్ళు చాలానే ఉన్నాయి. 2018లో భౌగోళిక గుర్తింపు మధ్యప్రదేశ్‌లోని ఝాబువాకు దక్కింది గానీ, మాకూ కావాలని ఛత్తీస్‌గఢ్ అడిగింది ఈ జిల్లా పేరు మీదే. గుర్తింపు ఎవరిదైనా ఆ గుడ్లు పిల్లలవ్వాలంటే ఎవరింట్లోనైనా ఓ నాటుపెట్ట పొదుగుకు రావాల్సిందే. దాని గుడ్లలో నాలుగు నల్లకోడి గుడ్లు కలిపి గంపలో పొదుగేస్తాం.

మా జిల్లాలోని బైలాడీలా కొండల ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు, అక్కణ్ణుంచి జపాన్‌కు పంపడానికి 1960లలో కొత్తవలస నుంచి కిరండూల్ దాకా రైలుమార్గం వేశారు. ఆ పనుల వెంట శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి వచ్చి స్థిరపడ్డ ఇళ్ళ పెరళ్ళలో ఇప్పటికీ కోళ్ళగంప కనిపిస్తుంది. గంపలో ఎండుగడ్డి, పేలు పట్టకుండా కాస్త బూడిద, గుడ్ల మధ్య ఓ బొగ్గు ముక్క, ఓ ఇనుప మేకు. ఉరుములకు గుడ్లు మురిగిపోకుండా కాపాడేది ఆ మేకేనని పెద్దవాళ్ళ నమ్మకం. ఉరుముల సంగతి ఎలా ఉన్నా, మేకు పెట్టే చేతిలోని శ్రద్ధంటే నాకు గౌరవం.

ఇరవై ఒకటో రోజుకు అటూ ఇటూగా పిల్లలు దిగుతాయి. అన్నీ ఒకేసారి దిగవు. ముందు దిగినవాటికి కడుపులోకి తీసుకున్న పచ్చసొన రెండు మూడు రోజుల ఆహారం. పెట్ట అంతసేపు కదలకుండా కూర్చోగలిగేది ఆ సొన బలం మీదే. తర్వాత అది లేవాలి. దిగిన పిల్లలకు నీళ్ళు కావాలి, నూకలు కావాలి, నేల గీరడం నేర్పాలి. గంపలో ఇంకో గుడ్డు కిచకిచమంటున్నా సరే, లేచిపోతుంది. చూసేవాళ్ళు తల్లి వదిలేసిందంటారు. నేననను. కళ్ళెదుట పదిమంది బిడ్డలున్న తల్లి ఆ పదిమంది వైపే నడుస్తుంది. మిగిలిన ఆ ఒక్కదాని కోసమే మన చెయ్యి.

చెయ్యి వెయ్యడానికి తొందర పనికిరాదు. పిల్ల ముందు గుడ్డు వెడల్పు వైపున్న గాలిగదిలోకి ముక్కు పొడుస్తుంది. మొదటిసారి ఊపిరితిత్తులతో గాలి పీల్చేది అక్కడే, లోపలి నుంచి అరుపు వినిపించేదీ అప్పుడే. ఆ తర్వాత ముక్కు మీది చిన్న పంటితో పెంకుకు బెజ్జం పెడుతుంది. బెజ్జం పడ్డాక గంటల తరబడి ఏమీ జరగనట్టు ఉంటుంది. నిజానికి పనంతా అప్పుడే జరుగుతుంది. పెంకు లోపలి పొరలో పారే రక్తం పిల్ల ఒంట్లోకి తిరిగి వస్తుంది, మిగిలిన సొన బొడ్డు గుండా కడుపులోకి చేరుతుంది. అన్నాళ్ళూ దానికి ఊపిరి అందించింది ఆ పొరే. అందులో రక్తం ఉండగా చింపితే పిల్ల రక్తం కారి చచ్చిపోతుంది.

"ఉండవే, ముట్టుకోకు. దాని పని దాన్ని చేసుకోనీ," అని పక్కింటి అత్త అంటూ ఉంటుంది. బెజ్జం పడ్డాక ఒక పూర్తి రోజు ఆగాలన్నది ఆవిడ లెక్క, కోళ్ళ శాస్త్రం చెప్పేదీ దాదాపు అదే. తల్లి లేచిపోయిన గుడ్డును మాత్రం చల్లారనివ్వకూడదు. బెజ్జం పడ్డ గుడ్డుకు చీమలు పడితే తెల్లారేసరికి ఏమీ మిగలదు, అందుకే గుడ్డపీలికల్లో పెట్టి, చీమలకు అందకుండా బల్బు వెచ్చదనంలో ఉంచుతాం. చలికాలం ఈ కొండల గాలి పొడిగా ఉంటుంది. తెల్లగా, తడిగా ఉండాల్సిన పొర గోధుమరంగుకు తిరిగి, ఎండి పిల్లకు అతుక్కుపోతుంది. అలాంటి పిల్ల బలం లేక కాదు, తిరగడానికి చోటు లేక ఆగిపోతుంది.

అప్పుడు గోరువెచ్చని నీళ్ళలో వేలు తడిపి పొర మీద అద్దాలి. ముక్కు రంధ్రాల్లోకి చుక్క పోకూడదు. బెజ్జం నుంచి వెడల్పు వైపు చుట్టూ పెంకును చిటికెడు చిటికెడుగా తీయాలి. తడి పొరలో ఎర్రటి దారాలు కనిపించాయా, అక్కడితో ఆపి, తడిగుడ్డ చుట్టి మళ్ళీ వెచ్చదనంలో పెట్టి కొన్ని గంటలు వదిలేయాలి. ముక్కు తెరిచి నములుతున్నట్టు ఆడిస్తోందంటే ఇంకా సిద్ధంగా లేదని. పై మూత తీశాక చివరి తోపు పిల్లదే. బయటికి లాగకూడదు. కాళ్ళు తన్ని తనే రావాలి.

సాయం చేసి దింపిన పిల్ల బతకదని కొందరంటారు. గుడ్డులో తల తప్పు వైపుకు తిరిగినవి, పుట్టుకతోనే లోపమున్నవి నిలవకపోవడం నిజమే. పొర ఎండి చిక్కుకున్నదాన్ని, తల్లి ముందే లేచిపోయినదాన్ని ఆ లెక్కలో కలపడం అన్యాయం.

పిల్ల దిగింది కదా అని చాలామంది అక్కడితో ఊపిరి పీల్చుకుంటారు. నా దృష్టిలో అసలు కష్టం అప్పుడు మొదలవుతుంది. అట్టపెట్టెలో బల్బు కింద ముద్దుగా తిరిగే పిల్లను రెండు రోజులు మన దగ్గరే ఉంచుకుంటే అది మనిషి పిల్ల అయిపోతుంది. 1873లో ప్రచురించిన ప్రయోగంలో డగ్లస్ స్పాల్డింగ్ అనే ఆంగ్లేయుడు కోడిపిల్లల కళ్ళకు పుట్టీపుట్టగానే ముసుగు వేసి చూశాడు. ముసుగు ముందుగా తీసినవి ఆయన వెంట పడ్డాయి. నాలుగు రోజులకు తీసినవి ఆయన్ను చూసి బెదిరి పారిపోయాయి. తల్లిని గుర్తుపట్టే తలుపు ఆ మొదటి రోజుల్లోనే మూసుకుపోతుంది.

కాబట్టి ఒళ్ళారి, కాళ్ళ మీద నిలబడగానే మొదటి రాత్రే పెట్టకు తిప్పి ఇచ్చేయాలి. పెట్టెను గంపకు దగ్గరగా పెట్టుకుంటే పెట్ట గొంతు పిల్లకు, పిల్ల అరుపు పెట్టకు వినిపిస్తూనే ఉంటాయి. చీకట్లో, దీపం వెయ్యకుండా, వెనక నుంచి రెక్క కిందికి జార్చాలి. పెట్ట సన్నగా కొక్కొక్కుమని సర్దుకుంటే సగం పని అయినట్టే. మిగతా సగం తెల్లారాక తేలుతుంది. ఒళ్ళంతా నీలినలుపుతో చారలున్న కడక్‌నాథ్ పిల్లను లేతరంగు పిల్లల మధ్య చూసి కొన్ని పెట్టలు పొడుస్తాయి. అన్ని పిల్లలూ ఒకే రంగువైతే ఈ బెడద తక్కువ. అందుకే నల్లకోడి గుడ్లను ఒంటరిగా ఒక్కటి కాక నాలుగైనా కలిపి పొదుగేయమని చెబుతాను. వెలుతురు రాకముందే లేచి గంప దగ్గర కూర్చోవాలి. ముఖం మీద పొడిచిందంటే తీసేసి, మర్నాటి రాత్రి మళ్ళీ ప్రయత్నించాలి. అప్పటికీ ఒప్పుకోకపోతే అదే ఈడు పిల్ల ఇంకొకటి తోడుగా పెట్టి పెంచాలి. ఆ తోడు కోసం వీధిలో ఎవరి గంపలో పిల్లలు దిగాయో తిరిగి అడగడానికి మొహమాటపడక్కర్లేదు. మా కిరండూల్‌లో నన్నెవరూ ఇంతవరకు కాదనలేదు.