కొండను తవ్విన మున్షీ: 'ఖానూనె ఇస్లాం'లో అగోచర విద్యల ప్రకరణం

భారతీయ ముస్లింల ఆచార వ్యవహారాలను గురించి ఇంగ్లీషులో వెలువడిన గ్రంథాలలో 'ఖానూనె ఇస్లాం'కు ఒక ప్రత్యేక స్థానమున్నది. 1832లో లండన్‌లో అచ్చయిన ఈ గ్రంథానికి మూలకర్త జాఫర్ షరీఫ్. ఏలూరులో జన్మించినవాడు, ఆంగ్లేయులకు భాష నేర్పిన మున్షీ. కంపెనీవారి మద్రాసు కొలువులో సర్జన్‌గా ఉన్న హెర్‌క్లాట్స్ ఆయనచేత దక్ఖనీలో వ్రాయించి, తాను ఇంగ్లీషులోకి అనువదించాడు. 1885లో వెలువడిన హ్యూస్ 'ఇస్లాం నిఘంటువు' ఈ గ్రంథం నుండి ఎంతో సామగ్రిని గ్రహించింది. 1921లో విలియం క్రుక్ దీనిని సవరించి, ప్రకరణాల వరుస మార్చి, చేర్పులతో ఆక్స్‌ఫర్డ్ నుండి మళ్ళీ ప్రచురించాడు. ఈ విధంగా దక్కను ముస్లింలను గురించి పాశ్చాత్య పండితులు ఏర్పరచుకున్న అభిప్రాయాలలో కొంత భాగానికి మన తెలుగు నేల మీద పుట్టిన ఒక మున్షీ సాక్ష్యమే ఆధారమైనది.

పుట్టుక, వివాహం, పండుగలు, మరణం గురించి ఆ గ్రంథం చెప్పిన విషయాలను ఇక్కడ చర్చించబోవడం లేదు. దావత్, హాజిరాత్, అంజనం, తాయత్తులు, జిన్నులను వశపరచుకోవడం మొదలైన విద్యలను గురించిన ప్రకరణాలను మాత్రమే పరిశీలించదలచాను. ఎందుకంటే నేటికీ మన బస్తీలలో ఈ విద్యలు జీవించే ఉన్నాయి. బిడ్డకు మూర్ఛ వస్తే ఆసుపత్రికంటె ముందు ఆమిల్ ఇంటికి పరుగెత్తే తల్లులున్నారు. నగ పోతే అంజనం వేయించి, పనిపిల్ల మీద నింద మోపే ఇండ్లున్నాయి. కనుక ఇది కేవలం గ్రంథచర్చ కాదు.

మొదట గ్రంథకర్త స్థానం చూద్దాము. దావత్ ప్రకరణానికి ఆరంభంలోనే జాఫర్ షరీఫ్ తన సంగతి చెప్పుకుంటాడు. ఈ విద్య లోతు తెలుసుకోవాలనే కుతూహలంతో చాలాకాలం పండితులను, ఫకీరులను, ఆమిళ్ళను, అరబ్బు దేశం నుండీ అజమ్ నుండీ వచ్చిన బాటసారులను ఆశ్రయించాడట. చివరకు తనకు దక్కిన లాభాన్ని ఒక పారసీక సామెతతో తేల్చివేస్తాడు: "కోహ్ కందన్, మూష్ గిరిఫ్తన్". దీనిని తెలుగు చేయడానికి అనువాదకుడు శ్రమపడనక్కరలేదు. కొండను తవ్వి ఎలుకను పట్టడం అనే మాట మన భాషలో అక్షరాలా ఉన్నది. గ్రంథం మొత్తం మీద ఇంత నిజాయితీగల వాక్యం మరొకటి లేదని నా అభిప్రాయం.

అయితే ఆశ్చర్యకరమైన విషయమేమంటే, ఇంత మాట అన్న మనిషి అక్కడ కలం ఆపలేదు. ఆ ఎలుకను పట్టే పద్ధతిని పుటలకొద్దీ వర్ణించాడు. ఏ అక్షరానికి ఎంత సంఖ్య, ఏ నామాన్ని ఎన్ని వేలసార్లు జపించాలి, ఏ ధూపం వేయాలి, చుట్టూ వలయం ఎలా గీయాలి, ఏమి తినాలి, ఏమి మానాలి అన్నీ పొల్లుపోకుండా వ్రాశాడు. ముఖపత్రం మీదనే ఈ గ్రంథం హెర్‌క్లాట్స్ నిర్దేశం ప్రకారం రచింపబడినదని ఉన్నది. అడిగినవానికి వివరాలు కావాలి; చెప్పేవానికి వాటి మీద విశ్వాసం సడలింది. ఈ రెంటి నడుమ పుట్టినదే ఈ ప్రకరణం. అందువల్ల సామెతను మరచి పద్ధతిని మాత్రమే చదివిన పాఠకునికి ఇది మంత్రశాస్త్ర కరదీపికగా కనిపిస్తుంది. సామెతను గుర్తుంచుకొని చదివినవానికి ఒక మోసపోయిన సాధకుని వాఙ్మూలంగా కనిపిస్తుంది.

ఆ పద్ధతిలోని పదజాలాన్ని శ్రద్ధగా గమనించాలి. ఒక నామాన్ని సాధించడానికి దానికి నిసాబ్, జకాత్, ఉష్ర్ చెల్లించాలంటారు. ఆ తరువాత ఖుఫ్ల్, దౌర్, బజ్ల్, ఖత్మ్ అని మరికొన్ని మెట్లు. నిసాబ్, జకాత్, ఉష్ర్ అనే మాటలు షరీఅత్‌లో పేదవాని హక్కును నిర్ణయించే మాటలు. ధనం ఎంత ఉంటే దానం విధి అవుతుందో నిసాబ్ చెబుతుంది. పంటలో పదోవంతును ఉష్ర్ చెబుతుంది. ఆమిల్ చేతిలో ఇవన్నీ జపసంఖ్యలుగా మారిపోయాయి. ఇక్కడ జకాత్ వేలసార్లు చెల్లుతుంది. కాని ఒక్క బీదవాని చేతిలో ఒక్క పైసా పడదు. పవిత్రమైన పదాలు ఎంత సులభంగా ఖాళీ అవుతాయో చూపడానికి ఇంతకంటె మంచి ఉదాహరణ అక్కరలేదు.

పథ్యం సంగతి కూడా ఇటువంటిదే. నామం 'జలాలీ' అయితే మాంసం, చేపలు, గుడ్లు, తేనె మానాలి. 'జమాలీ' అయితే వెన్న, పెరుగు, ఉప్పు వంటివి మానాలి. ధర్మసమ్మతమైన వస్తువును తనంతట తాను నిషేధించుకోవడాన్ని గురించి దివ్య ఖుర్ఆన్‌లో 'తహ్రీమ్' సూరా ఏమని హెచ్చరించినదో పాఠకులకు తెలియనిది కాదు. ఆ సూరా అవతరణకు సందర్భంగా ఉల్లేఖనాలలో చెప్పబడినది తేనె సంగతే. దైవప్రవక్త (సల్లం) వారికే అనుమతి లేని నిషేధాన్ని ఆమిల్ తన శిష్యునికి విధిస్తున్నాడు!

ఇక అంజనం. మాయా దర్పణం పేరుతో ఈ గ్రంథంలో వర్ణింపబడినది మన పల్లెలలో 'అంజనం వేసి చూడడం' అని అందరికీ తెలిసినదే. కాటుక పూసిన తలంలోకి పసివాణ్ణి తదేకంగా చూడమంటారు. మొదట ఊడ్చేవాడు వస్తాడు, నీళ్ళు చల్లేవాడు వస్తాడు, తివాచీ పరచేవాడు వస్తాడు. ఆ తరువాత సైన్యం, చివరకు సింహాసనం మీద జిన్నుల రాజు. అప్పుడు ప్రశ్నలు అడగాలి. సరిగా ఇదే కాలంలో కైరో నగరంలో ఎడ్వర్డ్ లేన్ ఇటువంటి దృశ్యాన్నే చూచి, 1836లో వెలువడిన తన ఈజిప్టు గ్రంథంలో వ్రాశాడు. అక్కడ బాలుని అరచేతిలో సిరా పోశారు. ఊడ్చేవాడు, జెండాలు, గుడారాలు, సుల్తాను వరుసగా వచ్చారు. తరువాత ఆంగ్ల నౌకాసేనాని నెల్సన్‌ను రప్పించమన్నారు. ఎడమ చేయి లేని మనిషి కనిపిస్తున్నాడని బాలుడు చెప్పాడు. నెల్సన్ 1797 యుద్ధంలో కోల్పోయినది కుడిచేయి. సిరాలో బొమ్మ అద్దంలోవలె తారుమారుగా కనిపిస్తుందా అని లేన్ మాంత్రికుణ్ణే అడిగాడు. అవును, అద్దంలోవలెనే అని మాంత్రికుడు చెప్పాడు. దానితో బాలుని వర్ణన సరిపోయినది!

ఇక్కడ పొరపాటును దిద్దినవాడు మాంత్రికుడు కాదు, ప్రశ్న అడిగిన పండితుడే. అరబీ భాషకు మహానిఘంటువును కూర్చిన లేన్ అంతటివాడు తన ప్రశ్నలోనే సమాధానాన్ని అందించాడు. ఆ మాంత్రికుణ్ణి పరిచయం చేసినవాడు బ్రిటిష్ కాన్సులేటులో దుబాసీ అయిన ఉస్మాన్ ఎఫెందీ. ఇతడు స్కాట్లండ్‌లో పుట్టి, 1807లో ఈజిప్టులో బందీగా చిక్కి, ఇస్లాం స్వీకరించినవాడు. ఉస్మాన్ మరణించిన తరువాత అదే మాంత్రికుడు పరీక్షలలో విఫలమవుతూ వచ్చాడు. లేన్ కూడా తరువాత తన అభిప్రాయం మార్చుకొని, పూర్వపు విజయాలకు దుబాసీ ప్రమేయమే కారణమై ఉంటుందని అనుమానించాడు. జిన్నుల రాజు చెప్పిన రహస్యమనుకున్నది రెండు భాషల నడుమ నిలబడిన మనిషి నోట జారిన మాట అయి ఉండవచ్చు. అనువాదం చేసే వారందరూ గుర్తుంచుకోదగిన ఉదంతమిది.

ఇప్పుడు ఒక ప్రశ్న రావచ్చు. "ముస్లింలమైన మనం జిన్నుల ఉనికిని విశ్వసిస్తాము కదా! అగోచరాన్ని విశ్వసించడం ఈమాన్‌లో భాగం కదా! మరి ఈ విద్యలను తోసిపుచ్చడం నాస్తికుల వాదన కాదా?" సమంజసమైన ప్రశ్నే. దీనికి సమాధానం దివ్య ఖుర్ఆన్‌లోనే ఉన్నది. జిన్నులు ఉన్నాయనడం ఒక విషయం. జిన్నులకు అగోచర జ్ఞానం ఉన్నదనడం వేరొక విషయం. అవి మన ఆజ్ఞకు లోబడతాయనడం మూడవది. మొదటిది విశ్వాసం. రెండవదానిని 'సబా' సూరా ఖండించినది. హజ్రత్ సులైమాన్ (అలైహిస్సలాం) చేతికర్ర నానుకొని మరణించి ఉండగా, చెదపురుగు ఆ కర్రను తినివేసి ఆయన శరీరం ఒరిగేదాకా జిన్నులకు సంగతి తెలియనే లేదు. చాకిరీ చేస్తూనే ఉన్నాయి. ఎదుటనున్న యజమాని మరణాన్నే గ్రహించలేని జీవులు పక్కింటివారి నగ ఎక్కడున్నదో చెబుతాయా? మూడవదానికి సమాధానం 'సాద్' సూరాలో ఉన్నది. తన తరువాత మరెవ్వరికీ తగని రాజ్యాన్ని ప్రసాదించమని ఆయన ప్రార్థించిన సంగతి అక్కడ కనిపిస్తుంది. ఆ రాజ్యాన్ని నలభై రోజుల చిల్లాతో సంపాదించవచ్చుననేవాడు ఎవరి ప్రార్థనను కాదంటున్నాడో ఆలోచించుకోవాలి.

రోగి మీద ఖుర్ఆన్ పఠించడం హదీసులలో రుజువైనదే. తేలు కుట్టినవాని మీద ఒక సహాబీ ఫాతిహా పఠించిన ఉదంతం సహీహ్ బుఖారీలో ఉన్నది. కాని అది వేడుకోలు. దావత్ అనేది శాసించడం. వేడుకునేవాడు ఫలితాన్ని అల్లాహ్‌కు విడిచిపెడతాడు, మందు కూడా వాడుతాడు. శాసించేవాడు ఫలితానికి రుసుము ముందే నిర్ణయిస్తాడు.

ఈ విషయంలో ఇబ్నె ఖల్దూన్ అనుసరించిన మార్గం మనకు ఆదర్శప్రాయం. 1377లో రచించిన 'ముఖద్దిమా'లో ఆయన మంత్రం, అక్షర రహస్యాలు, జాయిర్జా, రసవాదం మొదలైన వాటినన్నింటినీ పరిశీలించాడు. అంతా బూటకమని ఒక్క మాటలో కొట్టివేయలేదు. అద్దంలోనికో, నీటిలోనికో చూచేవానికి ఏదో కనిపిస్తుందని ఒప్పుకున్నాడు. అయితే అది అద్దంలో ఉన్నది కాదు, చూపుకూ అద్దానికీ నడుమ మేఘంవలె ఏర్పడే తెర మీద కనిపించేది అన్నాడు. నిద్రకు ముందు కొన్ని మాటలు ఉచ్చరిస్తే కోరిన స్వప్నం వస్తుందనే ప్రయోగాన్ని తాను స్వయంగా చేసి చూచానని, వింతలు కనిపించాయని కూడా వ్రాశాడు. వెంటనే, స్వప్నం కోరినంత మాత్రాన అది తప్పక కలుగుతుందనడానికి ఇది నిదర్శనం కాదని హెచ్చరించాడు. ఆ మాటలు మనస్సును సిద్ధపరచగలవు, అంతే. ఒకటి కనిపించడం వేరు, దానినుండి ఏమి నిరూపితమవుతుందనడం వేరు. ఈ వివేకమే జాఫర్ షరీఫ్ గ్రంథంలో లోపించినది. ఆయనకు అనుభవం ఉన్నది, సామెత ఉన్నది; వాటిని కలిపే విచారణ లేదు.

క్రుక్ సంస్కరణలోని లోపం మరొక రకమైనది. ఆయన ఇతర జాతుల ఆచారాలతో పోలికలు చేర్చి గ్రంథాన్ని విజ్ఞానదాయకం చేశాడు. కాని పోలికలు పెరిగినకొద్దీ మూలకర్త గొంతు సన్నగిల్లినది. "నేను ప్రయత్నించాను, ఎలుక దొరికింది" అనే మనిషి వెనుకకు పోయి, "వీరు ఇలా నమ్ముతారు" అనే వర్ణన ముందుకు వచ్చినది. మనవాడు సాక్షిగా కాక నమూనాగా మిగిలాడు.

అన్నిటికంటె పెద్ద ఆక్షేపణ గ్రంథం పేరు మీదనే. ఖానూన్ అంటే శాసనం. ఆచారాన్ని శాసనమనడంవల్ల, అంజనం వేయడమూ నమాజు చేయడమూ ఒకే అట్టల నడుమ ఒకే గౌరవంతో చేరిపోయాయి. పరాయివారు దీనిని చదివి ఇదే ఇస్లాం అనుకున్నారంటే ఆశ్చర్యం లేదు. మనవారిలో కొందరు నేటికీ అలాగే అనుకోవడం విచారకరం. జోస్యుని వద్దకు వెళ్ళి ప్రశ్నించినవాని నమాజు నలభై రాత్రులదాకా స్వీకరింపబడదని సహీహ్ ముస్లింలో ఉన్నది. అటు చిల్లాకు నలభై, ఇటు ఈ నష్టానికి నలభై. ఈ లెక్క ఏ ఆమిల్ పట్టికలోనూ ఉండదు.

హిజ్రీ 10లో దైవప్రవక్త (సల్లం) వారి కుమారుడు ఇబ్రాహీం మరణించిన దినాన సూర్యగ్రహణం పట్టినది. పసివాని మరణానికే సూర్యుడు చీకటైనాడని ప్రజలు చెప్పుకోసాగారు. సూర్యచంద్రులు ఎవరి మరణంవల్లనూ, ఎవరి జననంవల్లనూ గ్రహణం చెందవని ఆయన స్పష్టం చేశారు. దుఃఖంలో ఉండి కూడా, తనకు గౌరవాన్ని తెచ్చే అద్భుతాన్ని సైతం నిరాకరించారు. ఆ ఒక్క ఉదంతాన్ని గీటురాయిగా పెట్టుకుంటే, వివరణకు అందని వింతలను ఎలా చూడాలో మనకు తెలిసిపోతుంది.

'ఖానూనె ఇస్లాం' తెలుగులోకి రావాలనే నా కోరిక. మన ప్రాంతపు ముస్లింల చరిత్రకు అది అవసరమైన గ్రంథం. అయితే అనువదించేవారు ఈ ప్రకరణాలను భయపడి తొలగించకూడదు, కుతూహలంకొద్దీ అలంకరించనూ కూడదు. జపసంఖ్యలు వ్రాసిన ప్రతి పుటలోనూ ఆ ఏలూరు మున్షీ చెప్పిన సామెత పాఠకునికి వినిపిస్తూ ఉండాలి. బిడ్డను ఎత్తుకొని ఆమిల్ గుమ్మం ముందు నిలబడిన తల్లికి ఆ సామెతను ఆమె భాషలో, సకాలంలో చెప్పగలిగితే, ఆయన తవ్విన కొండ వ్యర్థం కాలేదనవచ్చు.