ఎంటర్‌ప్రైజ్ ఆర్కిటెక్చర్‌లో ఆంటాలజీ, ఉమ్మడి అవగాహన: ‘రైతు’ నిర్వచనం ఆధారంగా ఒక పరిశీలన

వ్యాససంగ్రహం

పెద్ద సంస్థల్లోనూ ప్రభుత్వ యంత్రాంగంలోనూ శాఖలన్నీ ఒక మాటను ఒకే అర్థంలో వాడేలా చేయడానికి ఆంటాలజీ తగిన సాధనమని ఎంటర్‌ప్రైజ్ ఆర్కిటెక్చర్ సాహిత్యం చెబుతుంది. శాఖల మధ్య కనిపించే అర్థభేదాలన్నీ అపార్థాలేనన్న ఊహ ఈ వాదానికి పునాది. తెలుగు రాష్ట్రాల పాలనలో ‘రైతు’ అనే పదానికి ఉన్న వేర్వేరు నిర్వచనాల వెలుగులో ఆ ఊహను ఈ వ్యాసం పరీక్షిస్తుంది.

కీలక పదాలు: ఆంటాలజీ, ఎంటర్‌ప్రైజ్ ఆర్కిటెక్చర్, ఉమ్మడి అవగాహన, లక్షణదోషాలు, రైతు, కౌలుదారు, భూరికార్డులు.

1. ‘ఉమ్మడి’ అనే విశేషణం

ఒక సంస్థలో జరిగే పనులు, వాటికి కావలసిన సమాచారం, ఆ సమాచారాన్ని నడిపే సాఫ్ట్‌వేర్, యంత్రసామగ్రి ఒకదానితో ఒకటి ఎలా ముడిపడి ఉన్నాయో చూపే సమగ్ర చిత్రణకు ఎంటర్‌ప్రైజ్ ఆర్కిటెక్చర్ అని పేరు. 1987లో జాన్ జాక్‌మన్ ‘ఐబీఎం సిస్టమ్స్ జర్నల్’లో ప్రచురించిన వ్యాసాన్ని ఈ రంగానికి ఆదిగా చెప్పుకుంటారు. ఇల్లు కట్టేటప్పుడు యజమాని చూసే బొమ్మ వేరు, రూపకర్త గీసే బొమ్మ వేరు, కట్టేవాడి చేతిలోని బొమ్మ వేరు అన్న గమనింపుతో ఆయన ఆలోచన మొదలైంది. 1992లో జాన్ సోవాతో కలిసి రాసిన వ్యాసంలో ఆ చట్రం ఏమి, ఎలా, ఎక్కడ, ఎవరు, ఎప్పుడు, ఎందుకు అనే ఆరు ప్రశ్నల పట్టికగా విస్తరించింది. ఇది పని చేసే పద్ధతి కాదని, ఒక ఆంటాలజీ అని జాక్‌మన్ తరువాతి కాలంలో చెబుతూ వచ్చారు.

తత్త్వశాస్త్రంలో ఆంటాలజీ అంటే ఉనికిని గురించిన విచారణ. కంప్యూటర్ శాస్త్రానికి వచ్చేసరికి దాని పరిధి కుదించుకుపోయింది. ఒక భావనావ్యవస్థను విస్పష్టంగా నిర్దేశించడమే ఆంటాలజీ అని 1993లో టామ్ గ్రూబర్ నిర్వచించారు. ఇందులో ‘ఉమ్మడి’ అన్న మాట లేదు. 1997లో విల్లెం బోర్స్ట్ తన సిద్ధాంతగ్రంథంలో ఆ మాటను చేర్చారు. మరుసటి ఏడాది స్టూడర్, బెంజమిన్స్, ఫెన్సెల్ రెండు నిర్వచనాలనూ కలిపారు. ఇప్పుడు విస్తృతంగా ఉదహరిస్తున్నది ఆ కలిపిన రూపాన్నే.

చిన్నదిగా కనిపించే ఈ చేర్పు వల్ల ఒక తారుమారు జరిగింది. భావనలు అందరికీ ఉమ్మడిగా ఉండాలన్నది ఒక లక్ష్యం. అది నిర్వచనంలోకి ఎక్కగానే లక్షణమైపోయింది. ఆంటాలజీ అని పేరు పెట్టిన ప్రతి పత్రం ఉమ్మడి అవగాహనకు సాక్ష్యంగా చలామణీ కావడం అక్కడి నుంచే మొదలైంది. గ్రూబర్ కోరినది ఇంతకంటె తక్కువ: పదజాలాన్ని పొందికగా వాడుతామన్న ఒప్పందం. పదాన్ని పొందికగా వాడేవారందరూ ఆ పదం వెనుక ఉన్న నిర్ణయాన్ని అంగీకరించినట్టు కాదు.

2. ఒక పదం, అనేక నిర్వచనాలు

ఈ చర్చ తెలుగు నేలకు పరాయిది కాదు. రాష్ట్ర విభజన తరువాత ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ‘ఈ-ప్రగతి’ పేరుతో రాష్ట్రస్థాయి ఎంటర్‌ప్రైజ్ ఆర్కిటెక్చర్‌ను చేపట్టింది. కేంద్ర ఎలక్ట్రానిక్స్, సమాచార సాంకేతిక మంత్రిత్వశాఖ 2018లో ‘ఇండియా’ అని పలికే సంక్షిప్తనామంతో భారత ఎంటర్‌ప్రైజ్ ఆర్కిటెక్చర్ చట్రాన్ని విడుదల చేసింది. ప్రభుత్వాన్ని విడివిడి శాఖలుగా కాక ఒకే సంస్థగా చూడాలని, శాఖల మధ్య సమాచారం అడ్డంకులు లేకుండా సాగాలని వీటి ఆశయం. అలా సాగాలంటే రెవెన్యూ శాఖ, వ్యవసాయ శాఖ, బ్యాంకు ‘రైతు’ అన్నప్పుడు ఒకరినే ఉద్దేశించాలి.

ఉద్దేశిస్తున్నాయా? ‘రైతు’ అరబ్బీ మూలం నుంచి పార్శీ, ఉర్దూల మీదుగా వచ్చిన మాట. ఏలికకు లోబడిన ప్రజ అన్నది మూలార్థం. థామస్ మన్రో 1800 నుంచి 1807 వరకు దత్తమండలాలకు ప్రధాన కలెక్టరుగా ఉన్నారు. ఆయన పేరుతో ముడిపడిన రైత్వారీ విధానంలో రైతు అంటే సర్కారుకు నేరుగా శిస్తు కట్టేవాడు. ఊరివాడుకలో మాత్రం రైతు అంటే సేద్యం చేసేవాడు. కచేరీ అర్థానికీ పొలం అర్థానికీ మధ్య ఉన్న ఎడం కంప్యూటర్ల కంటె చాలా పాతది.

ఆ ఎడం ఇప్పటికీ పూడలేదు. 2007 జాతీయ రైతు విధానం రైతును అతి విశాలంగా నిర్వచించింది. సాగుదారులతో పాటు కౌలుదారులు, పాలికాపులు, వ్యవసాయ కూలీలు, పశుపోషకులు, మత్స్యకారులు, తేనెటీగలు పెంచేవారు కూడా అందులో ఉన్నారు. 2011 జనగణన లెక్కలో ‘సాగుదారు’ వేరు, ‘వ్యవసాయ కూలీ’ వేరు. భూమిని కౌలుకు తీసుకొని సేద్యం చేసేవాడు అక్కడ సాగుదారే. భూమిని కౌలుకిచ్చి సేద్యం పర్యవేక్షణ కూడా చూడని యజమాని సాగుదారు కాడు. 2018లో తెలంగాణలో మొదలైన రైతుబంధు దీనికి సరిగ్గా ఎదురుగా నిలుస్తుంది. పట్టాదారుకు ఎకరానికి పంటకాలానికి మొదట 4,000 రూపాయలు, తరువాత 5,000 రూపాయలు ఇచ్చిన ఆ పథకంలో కౌలుదారుకు చోటు లేదు. కేంద్రం 2019లో ప్రారంభించిన పీఎం-కిసాన్ ఏడాదికి 6,000 రూపాయలు ఇచ్చేది భూమి కలిగిన రైతు కుటుంబాలకే. కిసాన్ క్రెడిట్ కార్డు నిబంధనలు మాత్రం కౌలుదారులను, నోటిమాట కౌలుదారులను, పాలికాపులను అర్హులుగా పేర్కొంటాయి. అంటే ఒకే మనిషి జనగణనలో సాగుదారు, బ్యాంకు నిబంధనల్లో రైతు, పెట్టుబడి సాయం జాబితాలో ఎవరూ కాడు.

ఈ స్థితిని విశ్లేషించడానికి కంప్యూటర్ శాస్త్ర పరిభాష కంటె తర్కశాస్త్ర పరిభాష పదునైనది. ఏ లక్షణానికైనా పట్టే మూడు దోషాలను అన్నంభట్టు ‘తర్కసంగ్రహ దీపిక’ ఆవును ఉదాహరణగా తీసుకొని వివరిస్తుంది. కపిలవర్ణం కలది ఆవు అంటే తెల్లావులు తప్పిపోతాయి, అది అవ్యాప్తి. కొమ్ములు కలది ఆవు అంటే గేదెలూ వచ్చి చేరతాయి, అది అతివ్యాప్తి. ఒంటి గిట్ట కలది ఆవు అంటే ఏ ఆవూ దొరకదు, అది అసంభవం. పట్టా కలవాడు రైతు అన్న నిర్వచనంలో మొదటి రెండు దోషాలూ ఒక్కసారే కనిపిస్తాయి. కౌలుకు దున్నేవాడు తప్పిపోతున్నాడు, పొలం మొహం చూడని నగరవాసి వచ్చి చేరుతున్నాడు. ఒక నిర్వచనం లోపలివారిని బయటికి నెడుతూ, బయటివారిని లోపలికి తెస్తూ కూడా డేటాబేస్‌లో ఏ లోపమూ చూపకుండా నడుస్తుంది. సాంకేతికంగా అది నిర్దుష్టం. ఈ రంగంలోని నాణ్యతా ప్రమాణాలు ఎక్కువగా ఆ నిర్దుష్టతనే కొలుస్తాయి.

3. వ్యక్తి, పాత్ర

సాధనాలు లేక ఈ దోషం వచ్చిందనడానికి వీలులేదు. నికోలా గ్వారినో, క్రిస్టఫర్ వెల్టీ రూపొందించిన ఆంటోక్లీన్ పద్ధతి ఒక వస్తువు ఉన్నంతకాలం విడవని లక్షణాలను, వచ్చిపోయే లక్షణాలను వేరు చేస్తుంది. మనిషి మనిషిగానే ఉంటాడు. విద్యార్థిగా కొంతకాలమే ఉంటాడు. ఎంటర్‌ప్రైజ్ ఆర్కిటెక్చర్‌లో విరివిగా వాడే ఆర్కిమేట్ భాషలో కూడా కర్తకు ఒక గుర్తు, పాత్రకు వేరొక గుర్తు ఉన్నాయి. ఈ వివేచన ప్రకారం పట్టాదారు ఒక పాత్ర, సాగుదారు మరొక పాత్ర. ఒకే వ్యక్తి ఒక పొలానికి పట్టాదారుగా, పక్క పొలానికి కౌలుదారుగా ఉండవచ్చు. పల్లెల్లో ఇది సర్వసాధారణం.

చట్టాలు ఈ భేదాన్ని గుర్తించకపోలేదు. 2011 అధీకృత సాగుదారుల చట్టం కౌలుదారులకు రుణ అర్హత కార్డులు ఇవ్వడానికి దారి వేసింది. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో వచ్చిన పంట సాగుదారుల హక్కుల చట్టం 11 నెలల గడువుతో సాగు హక్కు పత్రాన్ని ప్రవేశపెట్టింది. పాత్రకు కాలపరిమితి ఉంటుందన్న సూత్రాన్ని ఆంటాలజీ నిపుణుడు కూడా ఇంత కచ్చితంగా రాయలేడు. అయితే ఆ పత్రం చేతికి రావాలంటే యజమాని అంగీకారం కావాలి. యజమాని సంతకం పెట్టనంతవరకు సాగు చేస్తున్నవాడు సాగుదారు కాడు. దీపిక చెప్పిన మూడో దోషం ఇక్కడ పూర్తిగా లేకపోయినా దాని నీడ ఉంది.

4. ‘లేదు’, ‘తెలియదు’

డేటాబేస్‌కూ ఆంటాలజీకీ మధ్య ఒక మౌలిక భేదం ఉంది. నమోదు కాని విషయాన్ని అసత్యంగా తీసుకోవడం డేటాబేస్ స్వభావం. రేమండ్ రీటర్ 1978లో దీనిని సంవృత ప్రపంచ భావనగా సూత్రీకరించారు. ఆంటాలజీల కోసం 2004లో ప్రామాణికమైన ఔల్ భాష దీనికి భిన్నంగా వివృత ప్రపంచ భావన మీద నడుస్తుంది. నమోదు కాకపోతే అది తెలియని విషయం మాత్రమే, లేని విషయం కాదు. పాఠ్యపుస్తకంలో ఇది తార్కికుల సూక్ష్మచర్చలా కనిపిస్తుంది. సర్వే నంబరు ఎదుట తన పేరు లేని కౌలుదారుకు మాత్రం ‘ఇతడు రైతు కాడు’ అన్న తీర్పుకూ ‘ఇతడు రైతో కాడో విచారించాలి’ అన్న ఆదేశానికీ మధ్య ఉన్న దూరం అది.

పాత పహాణీలో, అడంగల్‌లో పట్టాదారు గడి ఒకటి, అనుభవదారు గడి ఒకటి ఉండేవి. ఆ గడుల్లో రాతలు ఎంత నిజాయతీగా జరిగాయన్నది వేరే చర్చ. తప్పుడు రాతల కథలు ఏ ఊళ్లోనైనా దొరుకుతాయి. కానీ హక్కు, అనుభవం రెండు వేర్వేరు సంబంధాలన్న వివేచన ఆ పట్టిక నిర్మాణంలోనే ఉంది. తెలంగాణలో 2020 అక్టోబరు 29న ప్రారంభమైన ధరణిలో అనుభవదారు గడికి చోటు లేకపోయింది. రికార్డు సరళమైంది, వివాదాలకు తావు తగ్గుతుందన్నారు. గడి తీసివేయడం వల్ల పోయింది వివాదం కాదు, వివాదాన్ని నమోదు చేసే చోటు. 2025లో ధరణి స్థానంలో భూభారతి చట్టం వచ్చింది.

5. అపార్థమా, విభేదమా?

ఎడిన్‌బరో విశ్వవిద్యాలయంలో మైక్ అషోల్డ్ బృందం నిర్మించిన ‘ఎంటర్‌ప్రైజ్ ఆంటాలజీ’ 1998లో ప్రచురితమైంది. అషోల్డ్ సూచించిన నిర్మాణ పద్ధతిలో ఒక మెట్టు ప్రత్యేకంగా గమనించదగినది. ఏదైనా పదం మీద తగవు వస్తే ఆ పదాన్ని కొంతసేపు పక్కన పెట్టాలి. దాని వెనుక ఉన్న భావాలకు ఎక్స్-1, ఎక్స్-2 వంటి అర్థరహితమైన పేర్లు పెట్టి ఒక్కొక్కటిగా నిర్వచించాలి. వాటిలో ఏవి అవసరమో తేల్చిన తరువాతే పేర్లు పంచాలి. ‘రైతు’ను ఇలా విడదీస్తే పట్టా కలిగినవాడు ఎక్స్-1, ఈ పంటకాలంలో సేద్యం చేస్తున్నవాడు ఎక్స్-2, పెట్టుబడి పెట్టి నష్టం భరించేవాడు ఎక్స్-3, కూలికి పనిచేసేవాడు ఎక్స్-4 అవుతారు. ఇంతవరకు ఏ శాఖకూ అభ్యంతరం ఉండదు. వీరిలో ‘రైతు’ అన్న పేరు ఎవరిది అన్న దగ్గరే చిక్కు.

ఆ పేరుకు ధర ఉంది. రైతుబంధును పట్టాదారుబంధు అని పిలిచి ఉంటే నిర్వచన దోషం ఏమీ ఉండేది కాదు. ఆ పేరుతో ఎన్నికల సభలో మాట్లాడటం మాత్రం కష్టం. 2018లోనే వచ్చిన రైతుబీమా 18 నుంచి 59 ఏళ్ల వయసున్న పట్టాదారు మరణిస్తే కుటుంబానికి 5 లక్షల రూపాయలు ఇచ్చేది. అప్పు తెచ్చి కౌలు పొలంలో పత్తి వేసినవాడు మరణిస్తే అతని కుటుంబానికి ఆ బీమాలో ఏమీ రాదు, ఎందుకంటే అతడు ఎక్స్-2, ఎక్స్-3 అయి ఉండి ఎక్స్-1 కాడు.

యజమానుల పక్షాన కూడా కారణం ఉంది. 1950 హైదరాబాదు కౌలుదారీ చట్టం రక్షిత కౌలుదారులను గుర్తించి, వారిలో అర్హులకు యాజమాన్యం దక్కే వీలు కల్పించింది. కోస్తా, రాయలసీమలకు 1956 ఆంధ్ర కౌలుదారీ చట్టం ఉంది. కౌలు కాగితం మీదికి ఎక్కితే పొలం చేజారుతుందన్న భయం ఈ చరిత్ర నుంచి వచ్చింది. యజమాని హక్కుకు భంగం లేదని తరువాతి చట్టాలు చెప్పినా అది పోలేదు. అధికారుల వాదన కూడా కొట్టివేయదగినది కాదు. పట్టాను సరిచూడవచ్చు, నోటిమాట కౌలును సరిచూడటం ఎలా?

ఈ ముగ్గురిలో ఎవరికీ ‘రైతు’ అన్న పదం అర్థం కాకపోలేదు. యజమానికీ కౌలుదారుకీ ఉన్నది అవగాహనాలోపం కాదు, ప్రయోజనాల ఘర్షణ. ఎంటర్‌ప్రైజ్ ఆర్కిటెక్చర్ సాహిత్యంలోని బలహీనత ఇక్కడ బయటపడుతుంది. ఒక కంపెనీలో అమ్మకాల విభాగం, లెక్కల విభాగం ‘కస్టమర్’ అన్న పదాన్ని చెరొక అర్థంలో వాడితే, పైన ఉన్న యాజమాన్యం ఒక అర్థాన్ని ఖాయం చేయగలదు. దానివల్ల ఎవరి బతుకూ తలకిందులు కాదు. ఆ నమూనాను ప్రభుత్వానికి యథాతథంగా వర్తింపజేసినప్పుడు శాసనసభ తేల్చవలసిన ప్రశ్న సమాచార నమూనాలో ఒక గడిగా మారి, ఓటింగు లేకుండానే తేలిపోతుంది. ఉమ్మడి నిర్వచనానికి ఒప్పుకొన్నవారి జాబితాలో శాఖల కార్యదర్శులు, సలహా సంస్థల నిపుణులు ఉంటారు. నిర్వచనం బయట మిగిలినవారిని ఎవరూ అడిగి ఉండరు.

కేంద్ర మంత్రివర్గం 2024 సెప్టెంబరులో ఆమోదించిన డిజిటల్ వ్యవసాయ మిషన్ వల్ల ఈ ప్రశ్నకు మళ్లీ ప్రాధాన్యం వచ్చింది. అందులో రైతుల రిజిస్ట్రీ ఒకటి, పంట నమోదు రిజిస్ట్రీ మరొకటి ఉన్నాయి. మొదటిది భూరికార్డుల ఆధారంగా నడుస్తున్నది, అంటే ఎక్స్-1. రెండోది ఈ పంటకాలంలో ఏ పొలంలో ఏ పంట ఉందో చెబుతుంది. ఆంధ్రప్రదేశ్‌లో ఈ-క్రాప్ నమోదు ఇప్పటికే సాగు చేస్తున్న కౌలుదారు పేరును కూడా రాసుకుంటున్నది, అంటే ఎక్స్-2. ఈ రెండు పట్టికలను కలిపే గీత యాజమాన్యం మీదుగా మాత్రమే వెళితే కౌలుదారు పంట కనిపిస్తుంది, అతడు కనిపించడు. ‘సాగు చేస్తున్నాడు’ అనే సంబంధాన్ని యాజమాన్యంతో నిమిత్తం లేకుండా, పంటకాలం గడువుతో, రుజువు అందేవరకు ‘తెలియదు’ అన్న స్థితికి చోటిస్తూ విడిగా నిర్వచించడానికి కావలసిన పరికరాలన్నీ పైన పేర్కొన్న పద్ధతుల్లో ఉన్నాయి. దానిని నమూనాలో చేర్చాలా వద్దా అన్నది ఆర్కిటెక్టు ఒక్కడి నిర్ణయం కాదు. చేర్చలేదన్న సంగతి నమూనా చదివేవారికి కనిపించేలా రాయడం మాత్రం పూర్తిగా అతని బాధ్యతే.