బొమ్మలు కొనిపెట్టే పెద్దమనిషి

ఇల్లు కట్టుకున్న తరవాత గోడలు బోసిగా కనిపించడం సహజం. నాలుగు డబ్బులు చేతిలో ఆడుతున్న మనవాళ్ళలో కొందరు మంచి చిత్రాలు సేకరించాలని ముచ్చటపడుతున్నారు. సంతోషమే. ఏది మంచిదో, దేనికెంత ఇవ్వవచ్చో తెలియనప్పుడు తెలిసినవాణ్ణి ఆశ్రయించక తప్పదు. అయితే ఆ తెలిసినవాడు ఎవరి మనిషి? ఈ ప్రశ్న మనసులో పెట్టుకుని బోస్టన్‌లోని ఇసబెల్లా స్టూవర్ట్ గార్డ్‌నర్ మ్యూజియం చూసి రావాలని మా సలహా.

1891లో తండ్రి పోగా వచ్చిన ఆస్తితో ఆవిడ పెద్ద ఎత్తున చిత్రాలు కొనసాగింది. వాటిలో మేలైన ఇటలీ చిత్రాలెన్నో కొనిపెట్టినవాడు బెర్నార్డ్ బెరెన్సన్. ఆయన పాండిత్యం గురించి రెండో మాట లేదు. 1894లో బోటిచెల్లి 'లుక్రీషియా', 1896లో టిషియన్ 'యూరోపా' ఆయన చలవే. అందుకు ఆవిడ నూటికి 5 చొప్పున ముట్టజెప్పేది. అంతటితో ఆగితే పేచీ లేదు. అమ్మే లండన్ వర్తకులు కోల్నాగీల లాభంలోనూ ఆయనకు వాటా ఉండేది. ఆ సంగతి ఆవిడకు చెప్పలేదు. మన పెళ్ళిళ్ళ పేరయ్యా ఇరువైపులా పుచ్చుకుంటాడు. కాని ఆ సంగతి ఊరందరికీ తెలుసు!

బొమ్మలు గొప్పవే కదా, ఇంకేం కావాలి అనేవారున్నారు. మేము ఒప్పుకోము. ధర పెరిగినకొద్దీ లాభపడేవాడు తగ్గించమని బేరమాడతాడా? కన్ను నిజమైనదైనంత మాత్రాన త్రాసు నిజమైనది కాదు.

అలాగని ఆ మ్యూజియం బెరెన్సన్ సృష్టి అనడమూ సరికాదు. ఆయన సలహా మొదలుకాకముందే, 1892లో, పారిస్ వేలంలో వెర్మీర్ 'కచేరీ'ని ఆవిడ తానే ఎంచి కొన్నది. (1990లో దొంగలపాలైన ఆ చిత్రం ఇంతవరకు దొరకలేదు.) 1903లో తెరిచిన ఆ భవనంలో ఏది ఎక్కడుండాలో ఆవిడే నిర్ణయించింది. 'యూరోపా' కింద గోడకు తన పట్టుగౌను గుడ్డ అమర్చింది. ఆ పని ఏ సలహాదారూ చేసిపెట్టలేడు. అందుకే ఆ గదులలో ఈనాటికీ ఒక మనిషి కనిపిస్తుంది, వట్టి ఆస్తి కాదు.

కొనదలచినవారికి మా మనవి రెండు ముక్కలు. మీరిచ్చేది కాక ఇంకెవరిస్తున్నారో సలహాదారును ముందే అడగండి. జవాబు కాగితం మీద రాయించుకోండి. ఇక చేర్యాల పటమైనా, శ్రీకాళహస్తి కలంకారీ అయినా, పి.టి. రెడ్డి చిత్రమైనా, ధర వినకముందే పదిసార్లు చూడండి. పదకొండోసారీ చూడాలనిపిస్తే అప్పుడు బేరానికి కూర్చోండి.