అయిదు చరణాల్లో తీరిన బాకీలు

ఎంగిలి చేత్తో కాకిని తోలని ముసలి వడ్డీ వ్యాపారి స్క్రూజ్ ఒక్క రాత్రిలో దాతగా మారాడంటే ఎవరు నమ్ముతారు? చార్లెస్ డికెన్స్ రాసిన ‘ఎ క్రిస్మస్ కేరల్’ ఆ సంగతిని నూట ఎనభై ఏళ్లుగా పాఠకుల చేత నమ్మిస్తోంది. దయ్యాలంటే నవ్వేసేవాళ్లు కూడా స్క్రూజ్ మారాడంటే ఒప్పుకుంటారు. ఆ నమ్మకం ఎక్కడ పుడుతుందో తెలియాలంటే కథను కీలు కీలుగా విప్పి చూడాలి.

1843లో కర్మాగారాల్లో పనిచేసే పిల్లల గురించి వచ్చిన నివేదిక చదివి డికెన్స్ కలత చెందాడు. లండన్‌లో దిక్కులేని పిల్లల కోసం నడిపే ఒక బడిని స్వయంగా చూసి వచ్చాడు. మొదట ఒక కరపత్రం వేద్దామనుకుని, కథ అయితే గట్టిగా తగులుతుందని మనసు మార్చుకున్నాడు. క్రిస్మస్ రాత్రి నిప్పు చుట్టూ చేరి దయ్యాల కథలు చెప్పుకోవడం ఇంగ్లండ్‌లో పాత అలవాటే. ఆ అలవాటునే వాహనంగా చేసుకుని, అక్టోబరులో మొదలుపెట్టి ఆరు వారాల్లో రాసేశాడు. జాన్ లీచ్ బొమ్మలతో డిసెంబరు 19న పుస్తకం వెలువడింది. తొలి ముద్రణ ఆరు వేల ప్రతులూ పండుగలోపే చెల్లిపోయాయి.

పుస్తకం చిన్నది, అధ్యాయాలు అయిదు. పేరులోని కేరల్ అంటే పాట కాబట్టి అధ్యాయాలను ఆయన చరణాలన్నాడు. మొదటి చరణంలో స్క్రూజ్ చనిపోయిన వ్యాపార భాగస్వామి మార్లీ దయ్యం, మధ్య మూడింటిలో మూడు ఆత్మలు, చివరిదానిలో తెల్లవారడం. అసలు పనితనమంతా మొదటి చరణంలో దాగి ఉంది. అక్కడ స్క్రూజ్ వరసగా నలుగురి పట్ల తప్పు చేస్తాడు. గుమాస్తా బాబ్ క్రాచిట్‌కి వెచ్చచేసుకోవడానికి ఒక్క బొగ్గుముక్కంత నిప్పు తప్ప మిగల్చడు, బొగ్గుల పెట్టె తన గదిలోనే ఉంచుకుంటాడు. భోజనానికి పిలిచిన మేనల్లుడు ఫ్రెడ్‌ని కసిరి పంపుతాడు. పేదల కోసం చందా అడగవచ్చిన పెద్దమనుషులను జైళ్లు లేవా, పేదలతో పనిచేయించే పనిశాలలు లేవా అని అడిగి, చచ్చేవాళ్లు చస్తే జనాభా తగ్గుతుందంటాడు. తలుపు సందు దగ్గర పాట ఎత్తుకున్న కుర్రవాణ్ని రూళ్లకర్ర చేతబట్టి అదరగొడతాడు. చదివేవాళ్లకు ఇవి పిసినారి చేష్టల్లా కనిపిస్తాయి. రచయిత మాత్రం వీటిని బాకీలుగా రాసుకుంటున్నాడు.

తర్వాత వచ్చే మార్లీ దయ్యం తయారీ చూడండి. అతని నడుముకు చుట్టుకున్న గొలుసులో కడియాలకు బదులు డబ్బు పెట్టెలు, తాళంచెవులు, తాళంకప్పలు, ఖాతా పుస్తకాలు, దస్తావేజులు, బరువైన సంచులు ఉంటాయి, అన్నీ ఉక్కుతో చేసినవే. ఒళ్లు ఎంత పారదర్శకమంటే, ఎదురుగా నిలబడితే కోటు వెనక వైపు రెండు గుండీలు కనిపిస్తాయి. శవానికి కట్టినట్టు గడ్డం కింద నుంచి తల మీదుగా కట్టిన గుడ్డను విప్పగానే దవడ రొమ్ము మీదికి జారిపోతుంది. ఆ గుండీలను, ఆ దవడను చూపించాక దయ్యం ఉందా లేదా అన్న వాదనకు చోటుండదు.

మూడు ఆత్మలూ మూడు విధాల పనిచేస్తాయి. మొదటిది గతాన్ని చూపిస్తుంది, పెద్దగా వాదించదు. సెలవుల్లో బడిలో ఒంటరిగా మిగిలిపోయిన తన బాల్యాన్ని చూసిన స్క్రూజ్‌కి, నిన్న తలుపు దగ్గర పాడిన కుర్రవాడికి ఏదైనా ఇవ్వవలసింది అనిపిస్తుంది. తన తొలి యజమాని ఫెజివిగ్ ఇచ్చిన విందు చూశాక, గుమాస్తాతో ఒక మాట చెప్పాలనిపిస్తుంది. మార్పు ఇంత చిన్న అడుగులతో మొదలవుతుంది. ప్రతి అడుగూ మొదటి చరణంలోని ఒక బాకీని వెతుక్కుంటూ వెళుతుంది.

రెండో ఆత్మ ఆ రోజు క్రిస్మస్‌ని చూపిస్తుంది. క్రాచిట్ ఇంట్లో వారానికి పదిహేను షిల్లింగుల జీతం మీద పెద్ద కుటుంబం బతుకుతోంది. పుడ్డింగును బట్టలుతికే రాగి కాగులో ఉడికించారు, మూత తీస్తే చాకిరేవు వాసన వస్తుంది. ఇంట్లో ఉన్న గాజు సామానంతా రెండు గ్లాసులు, పిడి లేని ఒక కప్పు. అయినా వాటిలో పోసుకున్న వేడి పానీయం బంగారు గిన్నెల్లో తాగినంత తృప్తినిచ్చిందంటాడు రచయిత. పేదరికాన్ని వర్ణించకుండా సామాన్లను లెక్కపెట్టి చూపించడం ఇక్కడి నేర్పు. కుంటి పిల్లవాడు టైనీ టిమ్ బతుకుతాడా అని స్క్రూజ్ అడుగుతాడు. చచ్చేవాళ్లు చస్తే జనాభా తగ్గుతుందన్న అతని మాటనే ఆత్మ తిరిగి అతని ముఖాన కొడుతుంది.

మూడోది అసలు నోరు విప్పదు, వేలు చూపిస్తుంది. ఎవరో చనిపోయారు, జనం నవ్వుకుంటున్నారు. పాత సామాన్లు కొనేవాడి దగ్గర మంచం తెరలు, దుప్పట్లు అమ్ముకుంటున్నారు. ఆ శవం ఎవరిదో పాఠకుడికి ముందే తెలిసిపోతుంది, స్క్రూజ్ మాత్రం ముఖం మీది దుప్పటి తొలగించే ధైర్యం చేయలేడు. పేరు సమాధి రాతి మీద చదివేదాకా ఆ తీర్పును అతని చేతికే వదిలిపెట్టాడు డికెన్స్. వేరెవరూ చెప్పకుండా తానే చదువుకున్న తీర్పు కాబట్టే అది అతనికి తగిలింది.

అయిదో చరణంలో స్క్రూజ్ ఖాతా మూసేస్తాడు. లేవగానే మంచం తెరలను తడిమి, చిరగలేదని సంబరపడతాడు. క్రాచిట్ ఇంటికి పెద్ద టర్కీ కోడిని పంపుతాడు, చందా అడిగిన పెద్దమనిషిని వీధిలో ఆపి పాత బకాయిలతో కలిపి ఇస్తానంటాడు, మేనల్లుడి ఇంట భోంచేస్తాడు. మర్నాడు ఆలస్యంగా వచ్చిన బాబ్‌ని కోపం నటించి బెదరగొట్టి, జీతం పెంచుతున్నానని చెప్పి, ముందు వెళ్లి ఇంకో బొగ్గుల పెట్టె కొనుక్కురమ్మంటాడు. టిమ్ చనిపోలేదన్న మాట రాతప్రతిలో లేదు, అచ్చుకు వెళ్లేటప్పుడు డికెన్స్ చేర్చాడు. మిగిలిపోయిన ఆ ఒక్క పద్దునూ ఆయన అలా సరిచూసుకున్నాడు.

ఈ కూర్పు ఎంత గట్టిదంటే, పైవేషం ఏది మార్చినా కథ నిలబడుతుంది. 1983లో డిస్నీ బాతు స్క్రూజ్ అయింది. 1988లో బిల్ మర్రే అమెరికా టీవీ అధికారిగా అదే పాత్ర వేశాడు. 1992లో మైకేల్ కేన్ బొమ్మల మధ్య నటించాడు. ఊరూ కాలమూ మారినా ఎవరూ కదపని వరస ఒకటుంది: ముందు బాకీలు, తర్వాత సాక్ష్యం, చివర చెల్లింపు. పశ్చాత్తాపానికి కన్నీళ్లు చాలవని, పేరుపేరునా బాకీ తీర్చాలని ఈ కథ అడుగుతుంది. ఆ చెల్లింపును కళ్లారా చూస్తాం కాబట్టే స్క్రూజ్ మారాడంటే నమ్ముతాం.